రహీం సాబ్, మనోలో: ఒక పోలిక

హైదరాబాద్ సంతోష్‌నగర్‌లో భారత ఫుట్‌బాల్ జట్టు మాట ఎత్తితే, వాదన ఎక్కడ మొదలైనా చివరికి చేరేది కోచ్ దగ్గరికే. ఐఎస్ సదన్ చౌరస్తాలోనైనా, సైదాబాద్ వైపు ఛాయ్ హోటల్లోనైనా, బార్కస్ మైదానంలో ఆట చూసి తిరిగొస్తున్న కుర్రాళ్ళ మధ్యనైనా ఇదే వరస. తెలుగులో మొదలై దక్కనీలోకి దూకి మళ్ళీ తెలుగులోకి వచ్చే ఆ వాదనలో రెండు పేర్లు తప్పకుండా దొర్లుతాయి. పెద్దవాళ్ళ నోట రహీం సాబ్, కుర్రవాళ్ళ నోట మనోలో. ఒకరు ఈ నగరంలోనే పుట్టి, బడిపంతులుగా బతికి, దేశానికి రెండు ఆసియా క్రీడల స్వర్ణాలు తెచ్చిపెట్టిన సయ్యద్ అబ్దుల్ రహీం. ఇంకొకరు బార్సిలోనాలో పుట్టి, మన నగరం పేరు పెట్టుకున్న క్లబ్బుకు ఐఎస్ఎల్ కప్పు తెచ్చి, ఆ పేరు మీదే భారత జట్టు పగ్గాలు అందుకొని, ఏడాది తిరక్కుండానే దిగిపోయిన మనోలో మార్క్వెజ్.

ఈ ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టడం న్యాయమేనా అని అడిగేవాళ్ళున్నారు. ఒకరిది చరిత్ర, ఇంకొకరిది నిన్నటి వార్త. కానీ అభిమానులు ఎప్పుడో పోల్చేశారు. 2024 సెప్టెంబర్‌లో గచ్చిబౌలి మైదానంలో భారత జట్టు సిరియా చేతిలో ఓడిన రాత్రి నుంచీ ఆ పోలిక సాగుతూనే ఉంది. ఒక పక్షం వాళ్ళు రహీం సాబ్ లాంటివాడు లేకపోవడమే రోగమంటారు. రెండో పక్షం వాళ్ళు ‘కోచ్ క్యా కర్తా మియా, ఖిలాడీ హీ నైఁ’ (కోచ్ ఏం చేస్తాడు, ఆటగాళ్ళే లేరు) అని తేల్చేస్తారు. రెండు మాటల్లోనూ నిజముంది, రెండింటిలోనూ సగమే ఉంది. ఆ మిగిలిన సగం ఈ ఇద్దరి బతుకుల్ని దగ్గరగా చూస్తేగాని దొరకదు.

రహీం కథ మన పాఠకులకు కొత్తగా చెప్పక్కర్లేదు. ఇంట్లో పెద్దలు చెప్పగా విన్నవాళ్ళున్నారు, 2024లో వచ్చిన ‘మైదాన్’ సినిమాలో అజయ్ దేవగణ్ రూపంలో చూసినవాళ్ళున్నారు. కాబట్టి 1962 జకార్తా ఆసియా క్రీడల విజయం గురించి తర్వాత. అంతకుముందు ఆయన చేసిన పని చూడాలి. 1909లో పుట్టిన రహీం ఉస్మానియాలో చదువుకొని కాచిగూడ మిడిల్ స్కూల్లో, దారుల్ ఉలూమ్, చాదర్‌ఘాట్ హైస్కూళ్ళలో పాఠాలు చెప్పారు. వ్యాయామ విద్యలో డిప్లొమా చేశాక పిల్లల ఆటల బాధ్యత తీసుకున్నారు. 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి అయ్యారు, చనిపోయేదాకా ఆ బాధ్యతలోనే ఉన్నారు. ఆ హోదాలో ఆయన పెట్టిన టోర్నమెంట్లు విచిత్రమైనవి. కొన్నింటిలో డ్రిబ్లింగ్ నిషేధం, బంతి అందిన వెంటనే పంపేయాలి. ఇంకొన్నింటిలో వాటం లేని కాలితోనే ఆడాలి. గల్లీలో నలుగురిని దాటించి చప్పట్లు కొట్టించుకునే కుర్రవాడికి ఇది శిక్షలా తోచి ఉంటుంది. కానీ ఆ శిక్షలోంచే ఎదుటివాడు మీదికొచ్చేలోపు బంతిని వదిలేసే హైదరాబాద్ ఆట పుట్టింది. 1950 నుంచి 1954 వరకు బొంబాయి రోవర్స్ కప్పును వరసగా అయిదుసార్లు హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు ఎత్తుకొచ్చిందంటే దాని వెనక ఈ బడి ఉంది.

మనోలో కథలో బడి లేదు, బస్తీ లేదు, నిజానికి చాలాకాలం హైదరాబాదే లేదు. 2020లో ఆయన హైదరాబాద్ ఎఫ్‌సి పగ్గాలు అందుకున్నాక కోవిడ్ కారణంగా ఐఎస్ఎల్ మ్యాచ్‌లన్నీ గోవాలో మూసిన తలుపుల వెనక ఆడించారు. వరసగా రెండు సీజన్లు దాదాపు అలాగే గడిచాయి. అయినా ఆయన జట్టును ఎలా కట్టారో చూస్తే రహీం శిష్యులకు ఆశ్చర్యం కలగదు. ఇండియన్ యారోస్ నుంచి వచ్చిన ఆకాశ్ మిశ్రా, ఆశిష్ రాయ్‌లకు ఇరవై ఏళ్ళ ప్రాయంలోనే రెండు అంచుల రక్షణ అప్పగించారు. లిస్టన్ కొలాసోకు రెక్కలిచ్చారు. మహమ్మద్ యాసిర్, హితేశ్ శర్మ, నిఖిల్ పూజారి లాంటి పిల్లల మీద నమ్మకం పెట్టి ఏడాది పొడవునా అదే ఆట ఆడించారు. 2022 మార్చి 20న ఫతోర్డాలో ఫైనల్. కేరళ బ్లాస్టర్స్ 68వ నిమిషంలో ముందుకెళ్ళింది. 88వ నిమిషంలో సాహిల్ తవోరా బంతిని నేల తాకనీయకుండా కొట్టిన దెబ్బతో స్కోరు సమమైంది. పెనాల్టీల్లో గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు ఆపాడు, 3–1తో కప్పు మనది. ఆ కప్పు హైదరాబాద్ పేరు మీద వచ్చింది, కానీ హైదరాబాద్ గడ్డ మీద ఒక్క మ్యాచ్ కూడా జరగకుండా వచ్చింది.

ఇద్దరి మధ్యా మొదటి చుట్టరికం ఇక్కడే కనిపిస్తుంది. ఇద్దరూ తయారైన ఆటగాళ్ళను కొనుక్కొని గెలిచినవాళ్ళు కారు, తయారుచేసుకొని గెలిచినవాళ్ళు. ఇద్దరికీ పేరు తెచ్చింది క్రమశిక్షణతో కూడిన ఓపిక. మొదటి తేడా కూడా ఇక్కడే. రహీం కుర్రాళ్ళు ఈ జంట నగరాల గల్లీల్లోంచి, కంటోన్మెంట్ పేటల్లోంచి వచ్చినవాళ్ళు. పోలీసు శాఖలో ఉద్యోగం దొరికేది, నెల జీతం అందేది, పొద్దునా సాయంత్రం ఒకే మైదానంలో ఆడేవాళ్ళు. మనోలో కుర్రాళ్ళు మాత్రం మణిపూర్ నుంచి, గోవా నుంచి, ఉత్తరప్రదేశ్ నుంచి, సిక్కిం నుంచి వచ్చారు. వాళ్ళ జెర్సీ మీద హైదరాబాద్ ఉంది, వాళ్ళ మాటలో లేదు. ఇది వాళ్ళ తప్పు కాదు, ఆయన తప్పూ కాదు. దేశమంతా ఆటగాళ్ళ సంత ఒక్కటైపోయిన కాలమిది.

ఇక దేశం కోసం ఆడిన ఆట దగ్గరికి వద్దాం. గెలుపుల కన్నా ముందు ఓటములు చూడాలి. ఎందుకంటే కోచ్ మీద వాదన పుట్టేది ఓటమిలోంచే.

1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడల్లో ఇరాన్‌ను 1–0తో ఓడించి రహీం జట్టు స్వర్ణం గెలిచింది. మరుసటి ఏడాదే హెల్సింకి ఒలింపిక్స్. చలిలో, చాలామంది బూట్లు లేకుండా ఉత్తికాళ్ళతో ఆడి, యుగోస్లావియా చేతిలో 10–1తో చిత్తుగా ఓడారు. ఈ రోజుల్లో అలాంటి స్కోరు వస్తే ఆ రాత్రికే కోచ్ పేరు బోర్డు మీంచి చెరిపేస్తారు. ఆనాడు అలా జరగలేదు. ఫెడరేషన్ బూట్లు తప్పనిసరి చేసింది. రహీం హంగేరీ ఆటను చూసి, సెంటర్ ఫార్వర్డ్‌ను కాస్త వెనక్కి లాగి ఆడించే పద్ధతిని మన కుర్రాళ్ళ ఒడ్డూపొడుగుకు తగ్గట్టు మలచుకున్నారు. నాలుగేళ్ళకు మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియాను 4–2తో ఓడించారు. నెవిల్ డిసౌజా హ్యాట్రిక్ కొట్టాడు. సెమీస్‌లో మళ్ళీ అదే యుగోస్లావియా ఎదురైంది, ఈసారి 4–1తో ఓటమి. కాంస్య పోరులో బల్గేరియా చేతిలో 3–0. నాలుగో స్థానం. ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో మన దేశం అంతకుమించి ఎన్నడూ ఎక్కలేదు. అజీజ్, నూర్ మహమ్మద్, జుల్ఫికరుద్దీన్, అమ్ముగూడ నుంచి వెళ్ళిన తులసీదాస్ బలరాం అందరూ ఆ జట్టులో ఉన్నారు.

మనోలోకు హెల్సింకి లాంటి ఒక్క పెద్ద దెబ్బ తగల్లేదు. చిన్న దెబ్బలే వరసగా తగిలాయి. అంతకుముందు కోచ్ ఇగోర్ స్టిమాక్‌ను 2024 జూన్‌లో తొలగించాక, జులైలో ఈయనను పిలిచారు. సెప్టెంబర్‌లో గచ్చిబౌలిలో ఇంటర్‌కాంటినెంటల్ కప్. మారిషస్‌తో 0–0, సిరియా చేతిలో 0–3. అక్టోబర్‌లో వియత్నాంతో 1–1. నవంబర్ 18న మళ్ళీ గచ్చిబౌలిలో మలేసియాతో 1–1. 2025 మార్చిలో షిల్లాంగ్‌లో మాల్దీవులపై 3–0, అదొక్కటే గెలుపు. అదే మైదానంలో బంగ్లాదేశ్‌తో 0–0. జూన్‌లో థాయ్‌లాండ్ చేతిలో 0–2, హాంకాంగ్ చేతిలో 0–1. మొత్తం ఎనిమిది మ్యాచ్‌లు, ఒక గెలుపు, నాలుగు డ్రాలు, మూడు ఓటములు. జులై 2న ఫెడరేషన్‌తో పరస్పర అంగీకారం మీద తప్పుకున్నారు. ఎనిమిదింట మూడు మన నగరంలోనే జరిగాయి కాబట్టి ఈ వాదనకు ఇక్కడ వేడి ఎక్కువ. సంతోష్‌నగర్ నుంచి నగరానికి అటు కొసన ఉన్న గచ్చిబౌలికి పనిదినం సాయంత్రం వెళ్ళి రావడం ఎంత కష్టమో పాతబస్తీ వాళ్ళకు తెలుసు. అంత కష్టపడి వెళ్ళి గోల్ లేని ఆట చూసి అర్ధరాత్రి ఇల్లు చేరినవాడికి కోచ్ మీద కోపం రావడం సహజం. ఆ కోపాన్ని నేను తక్కువ చేయను.

ఆ కోపంలోంచి వచ్చిన ప్రధాన ఆరోపణ ఒకటుంది. మనోలో భారత జట్టు కోచ్‌గా ఉంటూనే ఆ సీజనంతా ఎఫ్‌సి గోవాకూ కోచ్‌గా ఉన్నారు. రెండు పడవల మీద కాళ్ళన్నారు అభిమానులు. మాట నిజమే. కానీ రహీం కూడా అలాగే చేశారు. భారత జట్టును నడిపిన ఏళ్ళన్నీ ఆయన సిటీ పోలీస్ జట్టును కూడా నడిపారు, పైగా నగర సంఘం కార్యదర్శి. అదే పని ఒకరి విషయంలో గొప్పతనంగా, ఇంకొకరి విషయంలో నేరంగా ఎందుకు కనిపిస్తోంది?

జవాబు ఆ ఇద్దరి స్వభావంలో లేదు, చేసిన పనుల అల్లికలో ఉంది. రహీం క్లబ్బులో తీర్చిదిద్దిన ఆటగాళ్ళే భారత జట్టులో ఆయనకు ఎదురయ్యేవాళ్ళు. సిటీ పోలీస్‌లో వేసిన విత్తనం మెల్‌బోర్న్‌లో పంటగా కోతకొచ్చేది. ఒక పని రెండో పనికి బలమయ్యేది. ‘హైదరాబాద్ వాళ్ళకే చోటిస్తాడు’ అన్న నింద కూడా ఆయన మోశారు, అది ఈ బలానికి చెల్లించిన మూల్యం. మనోలో విషయంలో రెండు పనులూ రెండు దారుల్లో నడిచాయి. గోవాలో ఆయనకు ఏడాది పొడవునా ఆటగాళ్ళు చేతిలో ఉన్నారు, 2025 మేలో సూపర్ కప్ ఫైనల్లో జంషెడ్‌పూర్‌ను 3–0తో ఓడించారు. నెల దాటేసరికి అదే మనిషి, అదే బుర్రతో, భారత జట్టును హాంకాంగ్ మీదికి తీసుకెళ్ళి ఓడిపోయారు. నెలలో మనిషి తెలివి తగ్గిపోదు. తగ్గింది ఆటగాళ్ళతో గడిపిన కాలం. ఫిఫా క్యాలెండర్‌లో జాతీయ జట్లకు దొరికేది ఒక్కో విడతకు పది రోజుల లోపు. వచ్చేవాళ్ళు పది క్లబ్బుల్లో పది రకాల ఆటలు ఆడి అలసిపోయి వచ్చేవాళ్ళు.

ఇక జకార్తా. 1962 ఆసియా క్రీడల్లో మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 0–2తో ఓడింది భారత్. తర్వాత థాయ్‌లాండ్‌ను 4–1తో, జపాన్‌ను 2–0తో, సెమీస్‌లో దక్షిణ వియత్నాంను 3–2తో దాటింది. ఫైనల్ సెప్టెంబర్ 4న, మళ్ళీ అదే కొరియాతో. ఇజ్రాయెల్, తైవాన్‌లను క్రీడలకు రానివ్వకపోవడాన్ని భారత అధికారి ఒకరు తప్పుపట్టినందుకు ఇండోనేసియా జనం మనమీద మండిపడుతున్నారు. సెనాయన్ మైదానంలో నిండిన లక్షమంది చేసిన గోల మన ఆటగాళ్ళు బతికున్నంతకాలం చెప్పుకున్నారు. పాకిస్తాన్ హాకీ జట్టు వాళ్ళు మాత్రం మన తరఫున అరిచారని కూడా చెప్పుకునేవారు. జకార్తాలో రహీం తీసుకున్న రెండు నిర్ణయాలు దగ్గరగా చూడదగినవి. తలకు కుట్లు పడ్డ స్టాపర్ జర్నైల్ సింగ్‌ను వెనక నుంచి తీసి సెంటర్ ఫార్వర్డ్‌గా ముందుకు పంపారు. సెమీస్ దాకా గోల్‌లో నిలిచిన ప్రద్యుత్ బర్మన్‌ను పక్కనబెట్టి, జ్వరం నుంచి తేరుకున్న పొడగరి తంగరాజ్‌ను నిలబెట్టారు. ఇరవై నిమిషాల్లో పి.కె. బెనర్జీ, జర్నైల్ చెరో గోల్ కొట్టారు. చివర్లో కొరియా ఒకటి తిరిగిచ్చినా 2–1తో స్వర్ణం మనదైంది. అప్పటికే రహీం క్యాన్సర్‌తో ఉన్నారు. 1963 జూన్‌లో కన్నుమూశారు.

అక్కడ గోల్‌కీపర్ మీద పెట్టిన పందెం నెగ్గింది. మనోలో విషయంలో కూడా గోల్‌కీపర్ దగ్గరే కథ మలుపు తిరిగింది. గచ్చిబౌలిలో మలేసియాతో ఆట 19వ నిమిషంలో ఉంది. వెనక నుంచి పొడవుగా వచ్చిన బంతి కోసం గుర్‌ప్రీత్ సింగ్ సంధు తన పెట్టె వదిలి ముందుకు ఉరికాడు. బంతి అంచనా తప్పింది. పాలో జోసుయె ఖాళీ గోల్‌లోకి నెమ్మదిగా తోసేశాడు. 39వ నిమిషంలో బ్రాండన్ ఫెర్నాండెజ్ కార్నర్‌కు రాహుల్ భేకే తల తగిలించి సమం చేసినా, ఆ మొదటి తప్పు నీడ ఆటమీంచి పోలేదు. ఆ తర్వాత ఏడు నెలలకు హాంకాంగ్‌లో విశాల్ కైత్‌ను నిలబెట్టారు. గోల్ లేకుండా ఆట ముగియబోతున్న వేళ, అదనపు సమయంలో కైత్ చేసిన ఫౌల్‌కు పెనాల్టీ పడింది, స్టెఫన్ పెరేరా కొట్టాడు, ర్యాంకుల్లో మనకన్నా దిగువనున్న జట్టు చేతిలో ఓడాం. మొదటి సగంలో ఆశిక్ కురునియన్ ముందు గోల్ తెరిచే ఉంది, అతను బయటికి కొట్టాడు. ఆ బంతి లోపలికి వెళ్ళి ఉంటే ఈరోజు వాదన వేరేలా ఉండేది. కోచ్ నిర్ణయం సరైందా కాదా అన్నది చాలాసార్లు ఆటగాడి కాలి చివర తేలిపోతుంది. కాకపోతే ఒక తేడా మరిచిపోకూడదు. తంగరాజ్‌ను, జర్నైల్‌ను రహీం ఏళ్ళ తరబడి దగ్గర నుంచి చూశారు. ఎవరి గుండె ఎప్పుడు నిలబడుతుందో ఆయనకు తెలుసు. ఆయన పందెం గుడ్డిది కాదు. మనోలోకు అంత తెలుసుకునే వీలు దొరకలేదు.

రహీం పక్షం వాళ్ళు ఒప్పుకోవలసిన సంగతి ఒకటి ఉంది. 1962లో ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో ఆడినవి ఎనిమిది జట్లే. ఆసియా ఫుట్‌బాల్ అప్పుడప్పుడే కళ్ళు తెరుస్తోంది. 2024 జనవరిలో ఖతార్‌లో జరిగిన ఆసియా కప్‌లో ఇరవై నాలుగు జట్లున్నాయి. అందులో స్టిమాక్ శిష్యులు ఆస్ట్రేలియా చేతిలో 0–2, ఉజ్బెకిస్తాన్ చేతిలో 0–3, సిరియా చేతిలో 0–1తో ఓడి, ఒక్క గోల్ కూడా కొట్టకుండా ఇంటికొచ్చారు. ఈ ఎత్తు కొండను రహీం ఎక్కి ఉండేవారా అంటే ఎవరూ ప్రమాణం చేసి చెప్పలేరు. మనోలో పక్షం వాళ్ళు ఒప్పుకోవలసింది కూడా ఉంది. 1962లో ఓడించిన కొరియా చిన్న జట్టు కాదు, 1956, 1960 ఆసియా కప్‌లు రెండూ గెలిచిన జట్టు. రెండేళ్ళ ముందు రోమ్ ఒలింపిక్స్‌లో ఫ్రాన్స్‌తో 1–1గా నిలిచి, హంగేరీతో 1–2గా పోరాడి ఓడింది కూడా రహీం జట్టే. హంగేరీ మీద ఆ గోల్ మన బలరాందే. కాబట్టి అప్పటి గెలుపును ‘ఆ కాలంలో ఎవరైనా గెలిచేవారు’ అని తీసిపారేయడం అన్యాయం.

కాలం విషయంలో కూడా రెండు పక్షాల లెక్కా సరిచూడాలి. రహీం చేతిలో ఢిల్లీ స్వర్ణానికీ జకార్తా స్వర్ణానికీ మధ్య పదకొండేళ్ళున్నాయి. మనోలో చేతిలో పదకొండు నెలలున్నాయి. ఇది చూసి వ్యవధి ఇస్తే చాలునంటే, స్టిమాక్ ఎదురుగా నిలబడి ఉన్నారు. ఆయనకు 2019 నుంచి 2024 దాకా అయిదేళ్ళు ఇచ్చారు. శాఫ్ ఛాంపియన్‌షిప్‌లు గెలిచారు, చివరికి గువాహటిలో అఫ్గానిస్తాన్ చేతిలో 1–2తో ఓడారు. అంటే క్యాలెండర్ మీద ఏళ్ళు గడవడం వేరు, ఆటగాళ్ళతో రోజులు గడపడం వేరు. రహీంకు దొరికినవి రోజులు, స్టిమాక్‌కు దొరికినవి ఏళ్ళు, మనోలోకు ఆ రెండూ దొరకలేదు. ఆ తర్వాత 2025 ఆగస్టులో వచ్చిన ఖాలిద్ జమీల్ తొలి టోర్నీ కాఫా నేషన్స్ కప్‌లోనే ఒమన్‌ను పెనాల్టీల్లో ఓడించి మూడో స్థానం తెస్తే ‘మనవాడు వచ్చాడు’ అని ఇవే వీధుల్లో మెచ్చుకున్నారు. అక్టోబర్‌లో గోవాలో సింగపూర్ చేతిలో 1–2తో ఓడి 2027 ఆసియా కప్ దారి మూసుకుపోగానే మళ్ళీ అదే వాదన. కోచ్ విదేశీయుడా, స్వదేశీయుడా అన్న ప్రశ్నకు కూడా ఇక్కడే జవాబు తేలిపోయింది.

ఈ ఇద్దరి కథలూ హైదరాబాద్ దగ్గర కలిసే చోటు ఒకటుంది, అది బాధ కలిగించే చోటు. రహీం తయారుచేసిన ఆటను ఈ నగరం నిలుపుకోలేకపోయింది. బలరాం 1957లోనే కలకత్తా ఈస్ట్ బెంగాల్‌కు వెళ్ళారు. తర్వాతి తరంలో మహమ్మద్ హబీబ్, సయ్యద్ నయీముద్దీన్ అదే దారి పట్టారు. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన జట్టుకు కెప్టెన్ నయీమ్, పేరు తెచ్చుకున్నది మాత్రం కలకత్తా మైదానాల్లో. పోలీసు శాఖలో ఆటగాళ్ళకు ఉద్యోగాలు తగ్గాయి, మైదానాలు తగ్గాయి. అలాగే మనోలో కట్టిన క్లబ్బును కూడా ఈ నగరం నిలుపుకోలేకపోయింది. ఆయన వెళ్ళిపోయాక జీతాలు అందక ఆటగాళ్ళు చెల్లాచెదురయ్యారు, 2023–24లో జట్టు పట్టికలో అట్టడుగుకు చేరింది, 2025లో క్లబ్బు మూటాముల్లె సర్దుకొని ఢిల్లీకి తరలి పేరు కూడా మార్చుకుంది. అప్పుడు మనుషులు పోయారు, ఇప్పుడు సంస్థే పోయింది. ఆనాడు కలకత్తా లాక్కుంటే, ఈనాడు డబ్బు లేక మనమే వదులుకున్నాం. 2024 డిసెంబర్ 31న సంతోష్ ట్రోఫీ ఫైనల్ గచ్చిబౌలిలోనే జరిగింది. ఆడినవి పశ్చిమ బెంగాల్, కేరళ. 1956, 1957లలో వరసగా ఆ ట్రోఫీ గెలిచిన హైదరాబాద్ ఆ రోజు వేదిక మాత్రమే.

సరైన దారి ఏదో ఊహించుకోనక్కర్లేదు, కళ్ళముందు కనిపించింది. మనోలో తప్పుకున్న మూడు రోజులకు, 2025 జులై 5న, భారత మహిళల జట్టు థాయ్‌లాండ్‌కు వెళ్ళి ఆ దేశ జట్టును 2–1తో ఓడించి 2026 ఆసియా కప్‌కు అర్హత సాధించింది. రెండు గోల్స్ సంగీతా బాస్ఫోర్‌వి, కోచ్ క్రిస్పిన్ ఛెత్రి. నిజామాబాద్ జిల్లా నుంచి వెళ్ళిన గుగులోత్ సౌమ్య ఆ జట్టు మనిషే. వాళ్ళకు పెద్ద లీగ్ లేదు, పెద్ద జీతాలు లేవు. కానీ అర్హత పోటీలకు ముందు బెంగళూరులో నెలకు పైగా ఒకేచోట శిబిరం దొరికింది. రహీంకు నగరం ఇచ్చినది, మనోలోకు క్లబ్బు ఇచ్చి దేశం ఇవ్వలేనిది, ఆ అమ్మాయిలకు శిబిరం ఇచ్చింది. కలిసి గడిపిన రోజులు.

కాబట్టి నా తీర్పు ఇది. రహీం మహా కోచ్, మన నగరానికి ఆయన చేసినంత ఇంకెవరూ చేయలేదు. మనోలో మంచి కోచ్, క్లబ్బులో ఆయన చేసిన పని అందుకు సాక్ష్యం. మొదటాయన గొప్పతనాన్ని రెండో ఆయనను కొట్టే కర్రగా వాడుకోవడం ఇద్దరికీ అన్యాయం. ఈసారి సంతోష్‌నగర్‌లో మాట కోచ్ దగ్గరికి చేరినప్పుడు ‘ఎవరిని తీసేయాలి’ అని అడిగే ముందు రెండు ప్రశ్నలు వేయండి. ఈ కుర్రాళ్ళు మ్యాచ్‌కు ముందు ఎన్ని రోజులు కలిసి ఆడారు? వాళ్ళలో మన బస్తీ మైదానాల నుంచి వెళ్ళినవాళ్ళు ఎందరు? ఆ రెండింటికీ జవాబు చెప్పవలసింది కోచ్ ఒక్కడే కాదు. ఫెడరేషన్ చెప్పాలి, ఆటగాళ్ళకు ఉద్యోగాలు ఆపేసిన శాఖలు చెప్పాలి, ఆదివారం పొద్దున బార్కస్‌లో ఆట జరుగుతుంటే చూడటానికి వెళ్ళని మనం కూడా చెప్పాలి.